మందుల కొట్టు గోడ

అప్పట్లో పత్తి చేలల్లో పురుగుమందులు తగ్గించే ప్రాజెక్టులో ప్రచారం పని నాది. సత్తెనపల్లి బస్సులో ఒళ్ళో పోస్టర్ల కట్టతో కూర్చున్నాను. పోస్టరు నిండా ఎర్ర రెక్కల మీద నల్ల చుక్కలున్న అక్షింతల పురుగు బొమ్మ, కింద 'రైతుకు మేలు చేసే పురుగు' అన్న అక్షరాలు.

పక్కనున్న పెద్దావిడ బొమ్మ మీద వేలు పెట్టింది.

"ఇది మా చేలోనూ ఉందండి. మీ బొమ్మ చూసే మొన్న మందు కొట్టించాం. ఒక్కటి మిగల్లేదు."

"అది మంచిదమ్మా! పైరు రసం పీల్చే పేనుబంకను తినేస్తుంది. కింద రాశాం కదా?"

"చదువు రాదు బాబూ. మందుల కొట్టు గోడకి పురుగు బొమ్మ వేశారంటే చంపమనేగా?"

రైతులంతా వచ్చే చోటని ఆ గోడలు ఏరికోరి ఎంచుకున్నది నేనే. ఊరూరా అతికించి అప్పటికే వారమైంది.

ఆవిడ బొమ్మ మీది దుమ్ము చెంగుతో మెల్లగా తుడిచింది. "మళ్ళీ వస్తాయంటారా ఇవి?"

వస్తాయన్నాను. నాకు తెలియదు.

ఆవిడ దిగిపోయాక నేనూ తర్వాతి ఊళ్ళో దిగి, కనబడిన మొదటి మందుల కొట్టుకు పరుగెత్తాను. గోడ మీది పోస్టరును గోళ్ళతో గీకుతుంటే కొట్టాయన బయటికొచ్చాడు.

"ఉంచండి సార్! అది పెట్టినకాణ్ణుంచీ బేరం బాగుంది."