మోటార్లు తీసేసిన కంట్రోలర్

దయ్యం అన్న మాట ఎవరైనా ఎత్తితే మా తాతగారు వాళ్లని భోజనం ముందునుంచి లేపేసేవారు. నేనూ ఆ పెంపకంలోనే పెరిగాను. దీన్ని దయ్యం కథగా చదవదలచుకున్నవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

ఒకప్పుడు నరసాపురం చుట్టుపక్కల మా కుటుంబాన్ని ఎరగనివాళ్లు లేరు. ఇప్పుడు అన్నయ్యా నేనూ రెండు గదుల అద్దె వాటాలో ఉంటున్నాం. మిగిలింది కాలవ చివర ఒక వరిచేను. జాలిపడమని చెప్పడం లేదు. జరిగింది అర్థం కావాలంటే ఇది తెలియాలి.

అన్నయ్యకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. కుడిచెయ్యి సగం పనిచేస్తుంది. ఆయనకు కంప్యూటర్‌లో కారు రేసులు ఆడటం ఇష్టం. ఫిజియోథెరపీ చేసే ఆయన అది చూసి, "కంట్రోలర్ పట్టుకోనివ్వండి, వేళ్లకి మంచి పని. ఆ వైబ్రేషన్ మాత్రం ఆపేయండి. అదిరినప్పుడల్లా చెయ్యి బిగుసుకుపోతోందండి" అన్నాడు.

ఆపడం అంత తేలికైతే ఈ గొడవే లేదు. గేమ్ సెట్టింగ్స్‌లో ఆపాను. కారు గోడకి తగలగానే మళ్లీ గుర్రుమంది. గేమ్‌ని తెరిచే సాఫ్ట్‌వేర్‌లో కంట్రోలర్‌కి వేరే సెట్టింగ్ ఉందంటే అక్కడా ఆపాను. డ్రైవర్ తీసేసి మళ్లీ వేశాను. ఇంటర్నెట్‌లో సలహా ఇవ్వనివాడు లేడు, ఒక్కడి సలహా కూడా పనిచేయలేదు. కొన్న షాపులో అడిగితే, "వైబ్రేషన్ ఉంటేనే కదండీ మజా" అని పళ్లికిలించాడు. నొప్పితో అన్నయ్య చెయ్యి వంకర పోవడం వాడు చూడలేదు.

ఆ కోపంతో ఇంటికొచ్చి స్క్రూలు విప్పాను. లోపల రెండు మోటార్లు. ఎడమవైపుది పెద్దది, గట్టి కుదుపులకి. కుడివైపుది చిన్నది, సన్నటి అదురుకి. తీగలు కత్తిరించి రెండింటినీ బయటికి తీసి చెత్తలో పడేశాను. తర్వాత అది ఉలకలేదు. అన్నయ్య హాయిగా ఆడుకునేవారు.

మా మేనత్త కొడుకు, నాకు వరసకి బావ, రొయ్యల చెరువుల మీద పైకొచ్చాడు. మా చేను చుట్టూ అతని చెరువులే. మాదీ లీజుకిస్తే తవ్విస్తానని ఏళ్లుగా వెంటపడుతున్నాడు. ఒకసారి ఉప్పునీరు పెడితే ఆ నేలలో ఇక వరి పండదు. మాట ఉన్నన్నాళ్లూ అన్నయ్య కుదరదనే చెప్పారు.

మా వంశంలో కాగితాలు తర్వాత. ఇంటిపెద్ద కుడిచేత్తో తాంబూలం పుచ్చుకుంటే మాట ఇచ్చినట్టే. తాంబూలం ముందుకు చాచాక చిన్నవాళ్లు నోరెత్తరు. ఇది బావకీ తెలుసు. అందుకే అన్నయ్యకి మాట పోయాక వచ్చాడు, ఒక ఆదివారం పొద్దున్న, ఇద్దరు పెద్దమనుషుల్ని సాక్ష్యానికి వెంటపెట్టుకుని.

అప్పటికి కరెంటు లేదు. కంప్యూటర్ ఆగిపోయింది, దాని వైరుతో నడిచే కంట్రోలరూ ఆగిపోయింది. అన్నయ్య కంట్రోలర్ వదలకుండా అలాగే కుర్చీలో ఉన్నారు.

"ఏంటండీ బావగారూ, కోట పోయినా కాపలా మానలేదా?" అన్నాడు బావ నన్ను చూసి. "మీ అన్నగారికి ఇష్టమేలెండి. చూడండి, చెయ్యి ఎలా చాపి ఉంచారో."

ఒళ్లు మండిపోయింది. కానీ ఆకులూ వక్కలూ అరటిపళ్లూ ఉన్న పళ్లెం అప్పటికే ముందుకొచ్చేసింది. పళ్లు బిగించి నిలబడ్డాను.

బావ ఒక చేత్తో తాంబూలం తీసుకుని, రెండో చేత్తో అన్నయ్య కుడిచేతి వేళ్లు విప్పి కంట్రోలర్ లాగబోయాడు. అది అదిరింది. గదిలో అందరికీ వినపడేటంతగా.

"షాకు కొడుతోందేంటండీ ఇది" అంటూ వెనక్కి తగ్గాడు. తాంబూలం నేలపాలైంది.

అన్నయ్య చెయ్యే వణికిందేమోనని కంట్రోలర్ నేను తీసుకున్నాను. నా అరచేతిలో, ఎడమవైపు, పెద్ద మోటారు ఉండాల్సిన చోట కుదుపు. బల్లమీద పెట్టాను. అక్కడా టకటకా కొట్టుకుంటూ అంచుదాకా జరిగింది.

పెద్దమనుషుల్లో వయసైన ఆయన లేచారు. "పళ్లెం తీయించండి. ఆయన పుచ్చుకోలేదు."

"చేతిదాకా వెళ్లిందిగా?" అన్నాడు బావ.

"వెళ్లింది. పుచ్చుకోలేదు. పదండి."

పళ్లెం గడప దాటాక అదురు ఆగింది. అప్పటికీ కరెంటు రాలేదు. వాళ్లటు వెళ్లగానే స్క్రూలు విప్పి చూశాను. మోటార్ల గూళ్లు రెండూ ఖాళీ. నేను కత్తిరించిన తీగ మొనలు నేను వదిలినట్టే ఉన్నాయి.

లోపల నేనేదో బ్యాటరీ పెట్టి నాటకమాడానని బావ టీ కొట్టు దగ్గర చెబుతున్నాడట. మేం చాలా పోగొట్టుకున్నాం. పెద్దల ముందు గారడీ చేసుకు బతికే గతి మాత్రం పట్టలేదు. ఇంకొందరు మర్యాదగా, మీ నరాల బలహీనత అయ్యుంటుందండీ అంటున్నారు. నా నరాలకి ఏ లోటూ లేదు. ఒక బల్లకి నరాలుంటాయని వాళ్లు నమ్మితే అది వాళ్ల ఇష్టం.

మొన్న చేలో సార్వా వరి ఊడ్పులు అయ్యాయి. ఫోన్లో ఫొటో చూపించి, ఆ రోజు ఏం జరిగిందో మీకేమైనా తెలుసా అన్నయ్యా అని అడిగాను. ఆయన ఫొటో వంకే చూస్తూ ఉండిపోయారు. తెలిసీ చెప్పలేకపోతున్నారో, ఆయనకూ తెలియదో, నేను పోల్చుకోలేకపోయాను.