ఈ దేశంలో సప్లీ ఉండదట

మా అమ్మాయికి ఎఫ్ గ్రేడు వచ్చిందని తెలిసినప్పుడు నేనేమీ కంగారు పడలేదు. ముందు అది ఒప్పుకోవాలి. ఇంట్లోంచే ఆఫీసు మీటింగులో ఉన్నాను. మ్యూట్ నొక్కి, "ఏడవకే, సప్లీ రాద్దువుగానీ" అన్నాను. అది గది గుమ్మంలో నిలబడి, ముక్కు ఎగబీలుస్తూ, "సప్లీ అంటే ఏంటమ్మా?" అని అడిగింది. అమెరికాలో పుట్టిన పిల్లకి ఆ మాట ఎలా తెలుస్తుందిలే అనుకుని నవ్వాను కూడా. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే ఒక్కటి పీకాలనిపిస్తుంది.

ఇదంతా మొదలైంది పక్క వీధి ఆవిడ వల్ల. మేముండే అల్ఫారెట్టాలో మా ఇళ్ల మధ్య ఏ పుట్టినరోజు పార్టీకి వెళ్లినా పిల్లల చదువుల గొడవే. ఆ రోజు ఆవిడ పళ్లెంలో పులిహోర పెట్టుకుంటూ తాపీగా, "మావాడికి కాలేజీ ఫస్టియర్ అయిపోయినట్టేనండీ" అంది. వాడింకా హైస్కూల్లోనే ఉన్నాడు! నాకు మతి పోయింది. హైస్కూలు పిల్లలు దగ్గర్లో ఉన్న కాలేజీకి వెళ్లి ఒక్కో కోర్సు చదువుకుంటూ పోవచ్చట. పాసైతే అది హైస్కూలు లెక్కలోకీ వస్తుంది, రేపు యూనివర్సిటీలో చేరాక అక్కడి క్రెడిట్ల లెక్కలోకీ వస్తుందట. ఇంటర్ చదువుతూ ఇంజినీరింగ్ సబ్జెక్టులు పూర్తి చేసుకోవడమన్న మాట. మనకెవరూ చెప్పలేదే అని నాకు కడుపు రగిలిపోయింది. దాచుకోవడం ఎందుకు, అది అసూయే.

మా పిల్లకి చిన్నప్పటినుంచీ విమానాల పిచ్చి. మా రాష్ట్రంలోనే ఉన్న ఒక పెద్ద యూనివర్సిటీలో ఏరోస్పేస్ చదవాలని ఎనిమిదో ఏట నుంచి ఒకటే పాట. అక్కడ సీటు రావడం మాటలు కాదు. కాలేజీ కోర్సు ఒకటి ముందే పాసై ఉంటే మంచిదని నేనే తీర్మానించి, పదకొండో తరగతి మొదట్లో దాన్ని కాలిక్యులస్‌లో చేర్పించాను. అది మెల్లిగా, "హిస్టరీ తీసుకోనా అమ్మా? ఫస్ట్ టైమ్ కదా" అంది. "విమానం హిస్టరీతో ఎగురుతుందా?" అన్నాను. నా నోరే నాకు శత్రువు.

అక్టోబరులో మిడ్‌టర్మ్‌కి నూటికి నలభై ఒకటి వచ్చింది. ఆ సాయంత్రం నేను వంటింట్లో బెండకాయలు కోస్తుంటే వచ్చి కౌంటర్ పక్కన నిలబడింది.

"అమ్మా, ఆ క్లాస్ నాకు అర్థం కావట్లేదు. ఐ వాంట్ టు విత్‌డ్రా. ఫ్రైడే లాస్ట్ డేట్."

"విత్‌డ్రా అయితే ఏమవుతుంది?"

"గ్రేడ్ బదులు జస్ట్ డబ్ల్యూ అని వస్తుంది. ఇట్స్ నాట్ ఎ బిగ్ డీల్. అందరూ చేస్తారు."

"అందరూ చేస్తే నువ్వూ చేస్తావా? మధ్యలో పారిపోయిందని రాసి పెడతారా కాగితం మీద? నోరు మూసుకుని చదువు. మన ఇంట్లో ఫెయిలన్న మాటే లేదు. తర్వాత ఏమైనా అయితే నేను చూసుకుంటాను."

శుక్రవారం వచ్చింది, వెళ్లిపోయింది.

నేను అంత ధైర్యంగా ఎలా అన్నానంటే, మన ఇంట్లో ఫెయిలన్న మాట ఉంది కాబట్టి. అది నేనే. గుంటూరులో ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం మ్యాథ్స్‌లో నాకు ఇరవై మూడు మార్కులొచ్చాయి. ఎవరికీ చెప్పకుండా సప్లిమెంటరీ రాసి పాసయ్యాను. చివర్లో చేతికొచ్చిన మార్కుల మెమోలో పాసైన మార్కులే ఉన్నాయి. మా నాన్నకి తెలియదు, మా ఆయనకి ఇప్పటికీ తెలియదు. కూతురి దగ్గరైతే చిన్నప్పటినుంచీ నేను మ్యాథ్స్‌లో పులినే. అందుకని నా బుర్రకి తోచింది ఇదీ: విత్‌డ్రా అయితే డబ్ల్యూ కనిపిస్తుంది, ఫెయిలైతే సప్లీ రాసి తుడిచేసుకోవచ్చు. కాబట్టి ఫెయిలవడమే నయం! ఇంత తెలివి మన కాలేజీల్లో చదివినవాళ్లకి తప్ప ఇంకెవరికీ రాదు.

ఎఫ్ వచ్చాక, జనవరిలో దాన్ని వెంటేసుకుని ఆ కాలేజీ ఆఫీసుకి వెళ్లాను. అద్దం వెనక కళ్లజోడు గొలుసుతో మెడలో వేసుకున్న పెద్దావిడ కూర్చుని ఉంది. సప్లిమెంటరీ ఎప్పుడని అడిగాను. ఆవిడకి అర్థం కాలేదు. మళ్లీ గట్టిగా చెప్పాను. ఆవిడ చాలా మర్యాదగా, సప్లిమెంట్లు, విటమిన్లు కావాలంటే కింది అంతస్తులో హెల్త్ సెంటర్లో అడగండి అంది. మా పిల్ల తల దించుకుంది.

విషయం విడమరిచి చెప్పేసరికి ఆవిడ ఇంకో బాంబు వేసింది. గ్రేడు గురించి నాతో మాట్లాడకూడదట! నేను కన్నతల్లిని, ఇది పదహారేళ్ల పిల్ల, అన్నాను. అయినా ఇక్కడ కాలేజీ విద్యార్థి కదా, తనే అడగాలి అంది. పిల్ల స్కూల్లో భోజనం బాగాలేదని ప్రిన్సిపల్‌కి ఈమెయిళ్లు రాసిన మనిషిని నేను. రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డాను.

మా అమ్మాయే ముందుకెళ్లి, ఫైనల్ ఎగ్జామ్ మళ్లీ రాసే వీలుందా అని అడిగింది. లేదమ్మా అంది ఆవిడ. కావాలంటే క్లాసంతా మళ్లీ మొదటినుంచి తీసుకోవచ్చు, కొత్త గ్రేడు పక్కన వస్తుంది, పాతది పోదు. ఏ యూనివర్సిటీకి అప్లై చేసినా ఈ కాలేజీ రికార్డు కూడా పంపాల్సిందే. ఆ ఎఫ్ ఎంతకాలం ఉంటుందని నేను ఆగలేక వెనకనుంచి అరిచాను. ఆవిడ నా వైపు చూడకుండా, పిల్లతోనే, "పర్మనెంట్" అంది.

పర్మనెంట్ అన్న మాట కోసం గ్రీన్ కార్డు లైన్లో ఏళ్ల తరబడి నిలబడి ఉన్నాం మేము. మాకంటే ముందు ఆ ఎఫ్‌కి వచ్చేసింది.

కారెక్కి తలుపులు వేసుకున్నాం. యూనివర్సిటీలో అడుగైనా పెట్టకముందే దాని పేరు మీద ఒక మచ్చ, అదీ నేను నా చేత్తో వేసింది. "ఇండియాలో ఉంటుందే సప్లీ. పాసైతే పాతది కనిపించదు" అన్నాను. "నీకెలా తెలుసు?" అంది. ఆ క్షణాన చెప్పేయొచ్చు. "మా ఫ్రెండ్స్ రాసేవాళ్లు" అన్నాను. అది కిటికీలోంచి బయటికి చూస్తూ, "నేను చూసుకుంటానన్నావు కదా అమ్మా" అంది. తిట్టినా బాగుండేది.

ఆ వేసవిలో అదే కోర్సు మళ్లీ తీసుకుంది. ఈసారి నేను నోరెత్తలేదు. తనే ట్యూటర్‌ని వెతుక్కుంది, తనే వెళ్లి ప్రొఫెసర్‌ని అడిగింది, బి తెచ్చుకుంది. రికార్డులో ఎఫ్, దాని పక్కన బి. రెండూ అలాగే ఉన్నాయి.

పన్నెండో తరగతిలో అప్లికేషన్ల రోజులొచ్చాయి. ఆ పెద్ద యూనివర్సిటీ ఫారంలో చివర ఒక పెట్టె ఉంది. మార్కుల గురించి ఏమైనా చెప్పుకోవాలంటే అందులో రాయొచ్చు. ఒక ఆదివారం మధ్యాహ్నం డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని రాస్తోంది. నేను ఎదురుగా కూర్చుని, "అమ్మ వద్దంది కాబట్టి విత్‌డ్రా కాలేదని రాసెయ్యి. తప్పు నా మీదకి తోసెయ్యి" అన్నాను. "అలా రాయరమ్మా" అని, కాసేపటికి ల్యాప్‌టాప్ నా వైపు తిప్పింది.

ఇంగ్లీషులో మూడే వాక్యాలు. క్లాసు అర్థం కావడం లేదని అక్టోబరుకే తెలుసు. అప్పుడే మానేయాల్సింది. మా కుటుంబంలో ఫెయిలైన మొదటి మనిషిని నేనే అవుతానని భయపడ్డాను.

మూడో వాక్యం దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. ఒక అబద్ధాన్ని ఇంట్లో దేవుడి పటంలా గోడకి తగిలించుకున్నాను. నా కూతురు దాన్ని నమ్మి, దానికి భయపడి మునిగిపోయింది. ఇప్పుడు దాన్నే సంతకం పెట్టి యూనివర్సిటీకి పంపబోతోంది.

"ఆ వాక్యం తీసెయ్యి" అన్నాను.

"ఎందుకు? గ్రామర్ తప్పా?"

"అది నిజం కాదే. నువ్వు మొదటిదానివి కాదు."

"మరి ఎవరు? నాన్నా?"

"నేను. ఇంజినీరింగ్ మ్యాథ్స్‌లో. ఇరవై మూడొచ్చాయి."

అరుస్తుందనుకున్నాను. నవ్వుతుందనుకున్నాను. "వాట్?" అంది. మళ్లీ, "వాట్?" అంది. దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. "అక్టోబర్‌లో నేను నీ పక్కనే నిలబడ్డాను కదమ్మా. అప్పుడు ఎందుకు చెప్పలేదు?"

సిగ్గేసిందే అన్నాను.

అది కళ్లు తుడుచుకుని, ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది. మూడో వాక్యం కొట్టేసింది. తర్వాత గబగబా ఏదో టైప్ చేసి, మళ్లీ నా వైపు తిప్పింది. మా అమ్మకి కాదని చెప్పడానికి భయపడ్డాను, అని ఉంది.

"ఇదైనా నిజమేనా? చూసి చెప్పు" అంది.

రెండుసార్లు చదివాను. "నిజమే" అన్నాను.

"పంపనా?"

"పంపు."