బర్గండీలో అమ్మమ్మ కాళ్ళు రానన్న సాయంత్రం

నా చిన్నప్పుడు మేము న్యూజెర్సీలో, పిస్కాటవేలో ఉండేవాళ్ళం. అప్పట్లో నాన్నకు వైన్ పిచ్చి పట్టుకుంది. ఆఫీస్‌లో పెద్దవాళ్ళతో భోజనాలకు వెళ్ళడం మొదలయ్యాక, ఏ సీసా ఏ ఊరిదో, ఎన్నేళ్ళు దాచాలో చెప్పగలగడం ఆయనకు గొప్పగా ఉండేది. మొదట్లో శనివారాలు మాత్రమే. తర్వాత రోజూ. ఇంట్లో ఎవరూ దాన్ని తాగుడు అనేవాళ్ళు కాదు. ఖరీదైన గ్లాసులో పోసుకుంటే ఆ మాట నోటికి రాదేమో.

ఒక వేసవి సెలవుల్లో ఆ వైన్ పుట్టిన చోటు చూపిస్తానని ఫ్రాన్స్‌లోని బర్గండీకి మమ్మల్ని తీసుకెళ్ళాడు. అమ్మ, నేను, మా దగ్గర కొన్నాళ్ళు ఉండడానికి గుంటూరు నుంచి వచ్చిన అమ్మమ్మ. అద్దెకు తీసుకున్నది గేర్ల కారు. అమ్మకు అది నడపడం రాదు.

ఊళ్ళు అందంగానే ఉన్నాయి. రోడ్డుకు రెండువైపులా మోకాలెత్తు రాతిగోడలు, వాటి వెనక కొండవాలు పొడుగునా ద్రాక్షతోటలు. ప్రతి ఊళ్ళోనూ చల్లటి నేలమాళిగలోకి దిగడం, వరసగా పేర్చిన పీపాల మధ్య నిలబడి రుచి చూడడం. రుచి చూసి ఉమ్మేయడానికి బకెట్ పెట్టేవాళ్ళు. మిగతావాళ్ళంతా ఉమ్మేస్తుంటే నాన్న నవ్వేవాడు. "ఇంత మంచిదాన్ని ఎవడైనా ఉమ్మేస్తాడా?" అనేవాడు.

మధ్యాహ్నం దాటాక ఒక మలుపులో సైకిల్ నడిపించుకుంటూ ఒక ముసలాయన ఎదురొచ్చాడు. మా కారు అద్దం గోడకు గీసుకుపోయింది. ఆయన సైకిల్ వదిలేసి తోటలోకి దూకేశాడు. నాన్న ఆపలేదు. వెనక్కి చూస్తే ఆయన తీగల మధ్య చేతులు ఊపుతూ ఏదో అరుస్తున్నాడు. అమ్మ కిటికీ పైనున్న పిడి పట్టుకుని ముందుకే చూస్తోంది. అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టుకు నా వేళ్ళు నొప్పెట్టాయి.

తర్వాతి ఊళ్ళో కారు ఆగగానే అమ్మమ్మ దిగి చర్చి పక్కనున్న రాతిబల్ల మీద కూర్చుంది. నాన్న మరో నేలమాళిగలోకి వెళ్ళి, కళ్ళు ఎర్రగా చేసుకుని వచ్చాడు. కొండ అవతలి ఊళ్ళో డిన్నర్ బుక్ చేశాననీ, త్వరగా ఎక్కమనీ అన్నాడు.

"కాళ్ళు రావట్లేదు బాబూ. లేవలేకపోతున్నాను," అంది అమ్మమ్మ.

నాన్న మొదట బతిమాలాడు. తర్వాత అమ్మ మీద విరుచుకుపడ్డాడు. "మీ అమ్మ నాటకాలాడుతోంది. లేపు." చుట్టూ కిటికీలు తెరుచుకున్నాయి. ఆయన అమ్మమ్మ రెక్క పట్టుకుని లాగాడు. ఆవిడ బస్తాలా బరువు వదిలేసింది. చీర కొంగు జారింది. సరిచేసుకుంది కానీ లేవలేదు. మా ఇంట్లో ఎవరినైనా అలా లాగడం నేను చూడడం అదే మొదటిసారి. భయంతో ఏడ్చాను.

ఎదురుగా రొట్టెల దుకాణం నడిపే ఆవిడ బయటికి వచ్చింది. అమ్మమ్మను చూసింది, నాన్నను చూసింది. భాష అక్కర్లేకపోయింది. మాకోసం మేడమీద రెండు గదులు తెరిచింది. అమ్మా ఆవిడా చెరోపక్క పట్టుకుని అమ్మమ్మను పైకి చేర్చారు. బూట్లయినా విప్పకుండా నాన్న చీకటి పడకముందే నిద్రపోయాడు.

పొద్దున్నే అమ్మమ్మ మెట్లు గబగబా దిగివచ్చి నాకు జడ వేసింది.

"కాళ్ళనొప్పి తగ్గిందా అమ్మమ్మా?"

"నొప్పి ఎక్కడుందే? తాగినవాడికి బుద్ధి చెబితే పంతం పెరుగుతుంది తల్లీ. ముసలిదానికి కాళ్ళు రాకపోతే ఆగక చస్తాడా?"

నాకు నవ్వొచ్చింది. ఆవిడకు రాలేదు. రెక్క మీద నల్లగా కమిలిన మచ్చను రవికె చేతి కిందికి లాక్కుంది.

వీసా గడువు అయిపోయి అమ్మమ్మ గుంటూరు వెళ్ళిపోయింది. ఆ చలికాలం, ఆఫీస్ పార్టీ నుంచి ఒక్కడే డ్రైవ్ చేసుకొస్తూ నాన్న చెట్టును గుద్దేశాడు. ప్రాణాలతో ఇంటికి రాలేదు. ఫోన్‌లో అమ్మమ్మతో, "నువ్వుంటే ఆపేదానివి కదా," అని ఏడ్చాను.

"ఎన్ని సాయంత్రాలు ఆపగలనే అమ్మా? ఆ ఒక్క సాయంత్రం ఆపాను, కారులో మీరందరూ ఉన్నారని," అంది.

ఇప్పుడు బాతెల్ అనే ఊళ్ళో ఉంటున్నాను. నా జుట్టు నెరిసింది. ఆ మాట ఈనాటికీ నన్ను ఓదార్చలేదు. కానీ మా ఇంటికి భోజనానికి వచ్చినవాళ్ళెవరైనా తూలుతూ లేస్తే నేను నీతులు చెప్పను. పక్క వేసేసి, పొద్దున్న ఇడ్లీ తిని వెళ్ళమంటాను. కొందరికి కోపం వస్తుంది. ఒకాయన మా గడప తొక్కడమే మానేశాడు. మాననీ. మర్నాడు వాళ్ళు ఎక్కడ, ఎంత తాగుతారో నా చేతిలో లేదని నాకు తెలుసు. ఆ పూట మాత్రం గుమ్మానికి అడ్డంగా నిలబడతాను.