ముందే కడుక్కొచ్చిన కాళ్ళు

ఈస్టరుకు ముందొచ్చే శ్రమల దినాలు ఈ ఏడు ముగింపుకొచ్చిన వారంలో మా సంఘం వాట్సాప్ గుంపులో ఒక సందేశం వచ్చింది. పరిశుద్ధ గురువారం సాయంత్రం ఆరాధనలో పాస్టరుగారు కాళ్ళు కడగబోయే పన్నెండుమందీ తెల్లబట్టలు కట్టుకుని, కాళ్ళు శుభ్రంగా కడుక్కుని, కాస్త ముందుగానే వచ్చి వేదిక మీది కుర్చీల్లో కూర్చోవాలని దాని సారాంశం. ఆ పన్నెండుమందిలో నేనూ ఒకదాన్ని. కాళ్ళు కడిగించుకోవడానికి కాళ్ళు కడుక్కుని వెళ్ళడమేమిటని నాకు మొదట నవ్వొచ్చింది. బెంగుళూరు సర్జాపుర రోడ్డులో మా అబ్బాయి వాళ్ళ అపార్ట్‌మెంటు బాల్కనీలో ఒక్కదాన్నే కూర్చుని, పక్క బాల్కనీవాళ్ళు తొంగిచూసేంతగా నవ్వాను. ఆ నవ్వు మధ్యలోనే మా బావగారి చేతులు గుర్తొచ్చాయి, ఇక నవ్వలేకపోయాను.

నా ఈడువాళ్ళకు, అందులోనూ బతుకుతెరువు కోసం హిందూపురం, మడకశిర వైపు నుంచి బెంగుళూరు చేరినవాళ్ళకు, అక్కడి కార్ఖానాల పేట పీణ్య అప్పట్లో ఎలా ఉండేదో నేను చెప్పనక్కర్లేదు. నేను పెళ్ళయి వచ్చేనాటికి మా ఆయనా, మా ఆయన అన్నగారైన బావగారూ ఒకే కార్ఖానాలో లేతు మిషన్ల మీద పనిచేసేవాళ్ళు. వారమంతా లేతు తిప్పిన బావగారే ఆదివారం వచ్చేసరికి అక్కడి తెలుగు క్రైస్తవులందరికీ అయ్యగారు, అంటే పాస్టరు. జీతం లేని అయ్యగారు, ఉన్న ఒక్క తెల్లచొక్కాను శనివారం ఉతికి ఆదివారం తొడుక్కునే అయ్యగారు. మా వైపు చర్చిని గుడి అనే అంటాం గనక నేనూ గుడి అనే రాస్తాను. మా గుడి ఒక మూతపడ్డ షెడ్డు. ఒకప్పుడు అందులో సైకిలు సామాన్లకు నికెల్ పూత పూసేవారట, గోడలకు ఆ పచ్చటి మరకలు అట్లాగే ఉండేవి. పైన రేకులు, కింద చాపలు. ఎండాకాలంలో ప్రసంగం కొంచెం సాగిందంటే ముందు పసిపిల్లలూ, వాళ్ళ వెనకే తల్లులూ బయటికి జారుకునేవాళ్ళు. బావగారు అది చూసి ప్రసంగం ముగించేవారు తప్ప ఎవరినీ కసిరేవారు కాదు. నిజం చెప్పాలంటే ఆయన ప్రసంగాలు అంత గొప్పగా ఉండేవి కావు. మాట తడబడేది, ఒక్కోసారి మొదలుపెట్టిన సంగతి ఎక్కడికి పోయిందో ఆయనకే తెలిసేది కాదు.

పరిశుద్ధ గురువారం మాత్రం ఆయన ఎక్కువ మాట్లాడేవారు కాదు, కాళ్ళు కడిగేవారు. ప్రభువు తన పన్నెండుమంది శిష్యుల కాళ్ళు కడిగిన సాయంత్రం అది, మనమూ కడగాలి, అంతే ఆయన చెప్పేది. ఆ రోజు కార్ఖానాలకు సెలవుండదు. పగటి షిఫ్టు వదిలాక మగవాళ్ళు ఇంటికెళ్ళి స్నానం చేసి వద్దామని చూస్తే బావగారు ఒప్పుకునేవారు కాదు. గేటు దగ్గరే నిలబడి, "అట్లే రండప్పా, కడిగేదానికే గదా నేనుండేది" అని అందరినీ సరాసరి షెడ్డుకు తోలుకొచ్చేవారు. నాకు అప్పుడు కొత్త, ముక్కు మూసుకునేదాన్ని. రోజంతా బూట్లలో ఉడికిన కాళ్ళు, మడమల పగుళ్ళలో నూనె జిడ్డు, ఆ జిడ్డులో ఇనప రజను, అదంతా కలిసిన వాసన. వట్టి నీళ్ళకు అది వదిలేది కాదు. ముందు కిరసనాయిలు గుడ్డతో తుడిచి, తరవాత బట్టల సబ్బు రుద్ది, ఆపైన వేన్నీళ్ళు పోస్తేనే కాలు కాలులా కనపడేది. ఇద్దరు ముగ్గురు కూర్చుని లేచేసరికి తొట్టిలో నీళ్ళు నల్లగా, పైన నూనె తెట్టుతో ఉండేవి. వాటిని మోరీలో పారబోసి కొత్త నీళ్ళు పెట్టడం మా అక్క పని.

అక్క అంటే బావగారి భార్య, నా తోడికోడలు. షెడ్డు వెనక రంపపు పొట్టు పొయ్యి మీద నీళ్ళు కాచేది ఆమె, బిందెలు మోసేది ఆమె, నల్లనీళ్ళు ఎత్తి పారబోసేది ఆమె. మగవాళ్ళ కాళ్ళు బావగారూ, ఆడవాళ్ళ కాళ్ళు మా అత్తగారూ కడిగేవాళ్ళు. నావీ కడిగారు. కోడలి కాళ్ళు అత్త కడగడమేమిటని నేను పీట మీద కూర్చోకుండా మొరాయిస్తే, మా అత్తగారు నా చెయ్యి పట్టి కూలేసి మరీ కడిగింది. ఆ ఒక్కపూట తప్ప తక్కిన రోజుల్లో ఆమెకూ నాకూ క్షణం పడేది కాదనుకోండి, అది వేరే సంగతి. పీణ్యలో అప్పుడు నీళ్ళకు కటకట. అందరి వంతూ అయ్యేసరికి బిందెలన్నీ బోర్లించి ఉండేవి. అక్క చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి చివరి ప్రార్థనలో నిలబడేది. ఆమె కాళ్ళు ఎవరూ కడగలేదని నాకు అప్పట్లో తట్టనే లేదు, ఇంకెవరికీ కూడా తట్టినట్టు లేదు.

ఒక ఏడాది సంగతి చెప్పాలి. మావాళ్ళ కార్ఖానాలో సమ్మె జరుగుతోంది. లోపలికి వేరే మనుషుల్ని తెచ్చి పెట్టిన మేస్త్రి కూడా మా తెలుగువాడే, మా గుడికే వచ్చేవాడు. ఆ గురువారం అతను వచ్చి వరసలో కూర్చోగానే చాలామంది లేచి బయటికి వెళ్ళిపోయారు, ముందుగా లేచింది మా ఆయనే. మా ఇంట్లో అప్పటికి పొయ్యి రాజేయడమే కష్టంగా ఉంది, కోపం రాదూ మరి? బావగారు మేస్త్రి కాళ్ళు ముందుకు లాక్కుని అందరివీ కడిగినట్టే కడిగారు. తరవాత తొట్టి ఎత్తుకుని బయటికి వెళ్ళి, రోడ్డు పక్క నిలబడ్డవాళ్ళ దగ్గర నేల మీద మోకాళ్ళూని కూర్చున్నారు. ఎవరూ కదల్లేదు. లారీలు పోతున్నాయి, దుమ్ము రేగుతోంది, ఈయన అట్లాగే కూర్చున్నారు. చివరికి మా ఆయనే బూతు ఒకటి గొణుక్కుంటూ వచ్చి కాలు తొట్టిలో పెట్టాడు. ఆ పైన మేస్త్రితో ఆయన మాట్లాడాడని చెప్పను గానీ, ఆ ఏడు మా గుడి మాత్రం రెండు ముక్కలు కాలేదు.

ఏటా ఆ రాత్రి ఇంటికి చేరాక బావగారి అరచేతుల్లో గుచ్చుకున్న ఇనప రజనును అక్క సూది పెట్టి తీసేది. ఆయన అబ్బా అంటే ఆమె కసిరేది. నవ్వుకునేవాళ్ళం.

తరవాత బావగారు పోయారు, మా ఆయనా పోయాడు. షెడ్డు ఉన్న చోట ఇప్పుడేదో గోడౌను వచ్చింది. మా పిల్లలు చదువుకుని కుందలహళ్ళి వైపు ఆఫీసుల్లో కుదురుకున్నారు. వాళ్ళూ వాళ్ళ స్నేహితులూ కలిసి కట్టుకున్నదే సర్జాపుర రోడ్డులోని ఈ కొత్త గుడి. నేను దాన్ని తక్కువ చేయను, ఎండలో చాప మీద కూర్చున్న ఒంటికి ఏసీ హాల్లో మెత్తటి కుర్చీ హాయిగానే ఉంది. పాస్టరు కుర్రవాడు మంచివాడు, చక్కగా చెబుతాడు, మాట తడబడదు. హాల్లో కుర్చీలు మా అబ్బాయి తన డబ్బుతో చేయించాడు. పన్నెండుమందిలో నన్నెందుకు వేశారో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

ఆ సందేశం వచ్చిన మర్నాడే అక్క ఫోన్ చేసింది. ఆమె ఇంకా పీణ్యలోనే కొడుకు దగ్గర ఉంటోంది, షుగరు పుండు పడ్డ కుడిపాదానికి కట్టు కట్టించుకుని. "చెల్లీ, మీ గుళ్ళో కాళ్ళు కడగతారంట గదా. ఈ తూరి నా కాళ్ళు గూడ కడగమని అడగతావా? ఇన్నేండ్లూ నీళ్ళు మోసిందే గానీ ఆ పీట మింద ఎప్పుడూ కూచోల్యా. ఒగసారన్నా కూచోవల్లని ఉండాది" అంది. ఆమె నన్ను ఏదైనా అడగడం నాకు తెలిసి అదే మొదలు. దానిదేముందక్కా, తప్పకుండా రా అని మాట ఇచ్చేశాను.

కార్యక్రమం ఏర్పాట్లు చూసే అమ్మాయిని అడిగితే ఎంతో మర్యాదగా సమాధానం చెప్పింది. "ఆంటీ, ట్వెల్వ్ మెంబర్స్ ఆల్రెడీ ఫిక్స్ అయిపోయారు. పైగా కాలికి కట్టుంది కదా, లైవ్‌లో అంత బాగుండదేమో. నెక్స్ట్ ఇయర్ ష్యూర్‌గా చూద్దాం." పోనీ నా కుర్చీ ఆమెకిమ్మంటే, పేర్లూ ఫోటోలూ తెర మీదికి ఎక్కించేశామంది. మా అబ్బాయి సీను చెయ్యొద్దమ్మా అన్నాడు. కోడలు నన్ను బుజ్జగించి పార్లరుకు తీసుకెళ్ళింది. అక్కడో పిల్ల నా కాళ్ళు గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, మడమలు గీకి, గోళ్ళకు లేతరంగు వేసింది. వద్దంటే వదిలేవాళ్ళే, నేను అనలేదు. హాయిగా ఉందని కూడా అనుకున్నాను. ఈ మాట రాస్తుంటే చెవులు కాలుతున్నాయి.

అక్క గురువారం మధ్యాహ్నమే బయల్దేరి, మెట్రో దిగి, బస్సులు మారి, కుంటుకుంటూ వచ్చింది. ఫోన్లో చెప్పడానికి నోరు రాక ఊరుకున్నదాన్ని, గుడి గుమ్మంలో ఆమె చెయ్యి పట్టుకుని, ఈసారికి కుదరలేదక్కా అని చెప్పాను. సరేలే చెల్లీ, చూసిపోతా అంది. వాలంటీర్లు ఆమెను చివరి వరసలో కూర్చోబెట్టారు, నేను వెళ్ళి వేదిక మీద కూర్చున్నాను.

పాస్టరుగారు తెల్లటి తువాలు నడుముకు చుట్టుకుని మొదలుపెట్టారు. ఇత్తడి చెంబు, ఇత్తడి పళ్ళెం, నీళ్ళలో గులాబీ రేకులు. ఒక్కొక్కరి పాదం మీద రెండు ధారలు పోసి, వేళ్ళతో తాకి, కొత్త తువాలుతో అద్దుతున్నారు. వెనక సంగీతం మెల్లగా వస్తోంది. నా వంతు వచ్చి నేను కాలు చాపేసరికి, హాలు మధ్య దారిలో అక్క నడిచి వస్తోంది. ఎవరో ఆపబోతే ఆగలేదు. నాకు వెంటనే అర్థమైంది. ఇంతమంది కాళ్ళు కడిగాక ఇంకా నీళ్ళు మార్చలేదేమని వస్తోంది పిచ్చితల్లి, ఆమెకు తెలిసిన పని అది. మెట్లెక్కి పళ్ళెం అంచు పట్టుకుని లోపలికి చూసింది. రేకులు తేలుతున్న తేటనీళ్ళు. నా కాళ్ళ వంకా, గోళ్ళ రంగు వంకా ఒకసారి చూసి, పాస్టరుగారి మొహంలోకి చూసి అడిగింది.

"ఇంగా మొదలుపెట్టల్యాదా అప్పా?"

పాస్టరుగారి చొక్కాకున్న మైకు ఆ మాటను హాలంతటికీ వినిపించింది. కొందరు నవ్వారు, చెడ్డ నవ్వు కాదు, ముసలమ్మ ముచ్చటకు నవ్వినట్టు నవ్వారు. ఆయన కూడా చిరునవ్వుతో, అయిపోవచ్చిందమ్మా, మీరు వెళ్ళి కూర్చోండి అన్నారు. చేతిలో నీళ్ళున్నాయి, నడుముకు తువాలుంది, ఎదురుగా పుండు పడ్డ కాలితో ఒక ముసలిది నిలబడి ఉంది. వేదిక మీద పన్నెండు కుర్చీలున్నాయి, పన్నెండుమందిమీ కూర్చునే ఉన్నాం. వాలంటీరు పిల్ల అక్కను భుజం పట్టుకుని కిందికి దించింది. నా కాళ్ళు లైవ్ తీస్తున్న కెమెరా ముందు అట్లాగే చాపి ఉన్నాయి. పాస్టరుగారు వాటిని కడిగారు. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. తెర మీద చూసినవాళ్ళు నేను భక్తితో తల వంచుకున్నాననుకుని, వీడియో కింద చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు.

అక్క ఆ పూట మా ఇంట్లోనే పడుకుంది. పొద్దున్నే లేచి నేను బేసిన్లో వేన్నీళ్ళు పట్టుకొచ్చి, ఆమె మంచం పక్కన నేల మీద కూలబడ్డాను. కట్టు తడవకుండా ఎడమకాలైనా కడుగుతాను, నన్ను కాదనకు అన్నాను. ఆమెకు కోపం లేదు. ఉంటే నాకు కొంత నయంగా ఉండేది. కాళ్ళు మంచం మీదికి ముడుచుకుని, నా తల నిమిరి, "ఇంట్లో అయితే నా కోడలు దినామూ కడగతాది చెల్లీ. నేనడిగింది గుళ్ళో" అంది.

ఆ నీళ్ళు తీసుకెళ్ళి బాల్కనీలో కుండీలకు పోశాను. ఆ తరవాత ఆమె కాఫీ తాగి, గుడ్‌ఫ్రైడే ఆరాధన పీణ్యలోనే చూసుకుంటానని కొడుకును పిలిపించుకుని వెళ్ళిపోయింది.

రేకుల షెడ్డు పోయి ఏసీ హాలు వచ్చినందుకు నాకు బాధ లేదు. మన పిల్లలు శుభ్రంగా ఉన్నందుకు అంతకన్నా బాధ లేదు, వాళ్ళు శుభ్రంగా ఉండాలనే కదా మన మగవాళ్ళు ఆ జిడ్డులో పనిచేసింది. కానీ మనం పెంచి పెద్ద చేసిన గుడి కాళ్ళు కడగడం నేర్చుకుంది గానీ, ఎవరి కాళ్ళు కడగాలో మరిచిపోయింది. దాన్ని గుర్తుచేయవలసిన వయసు నాదే, ఆ కుర్చీలో కూర్చున్నదీ నేనే. ఆ షెడ్డులో అక్క ఏనాడూ అడగలేదు, మాకూ తోచలేదు, అది మా మతిమాలినతనం. ఈ గుళ్ళో ఆమె నోరు తెరిచి అడిగింది, మేము లేదన్నాం.