దుర్భిణీలో మూలా నక్షత్రం

దుర్భిణి అనే మాటకు అర్థం మార్కాపురంలో పలకల దుకాణం సాయిబు చెప్పాడు. పారశీకంలో ‘దూర్’ అంటే దూరం, ‘బీన్’ అంటే చూసేది. టెలిస్కోపుకు గ్రీకులోనూ అదే అర్థమని మద్రాసు కాలేజీలో చదువుకున్నాను. దూరాన ఉన్నది చూడాలని అన్ని దేశాలవాళ్లకూ ఆశ. మా ఆయన మాత్రం ఒకే ఇంట్లో ఉన్న కూతురి ముఖం ఏడు నెలలు చూడలేదు.

పాప మూలా నక్షత్రంలో పుట్టింది. శాంతి జరిగి, నూనెలో బిడ్డ నీడ చూసుకున్నాకే తండ్రి బిడ్డను చూడాలి. ఇరవై ఏడో రోజున తీరిపోవలసిన పని. “నక్షత్రానికీ నా బిడ్డకూ ఏం సంబంధం?” అని పురిటిమంచం మీదనుంచే అడిగాను. పంచాంగం చూసే పెదమామగారు అది మనసులో పెట్టుకుని, ఈ నెల కాదు, వచ్చే నెల అంటూ జరిపారు. పాపకు జ్వరం కాసిన రోజున మా ఆయన గోడ అవతల నిలబడి “ఎట్లుంది?” అని అడిగారు. గోడకే జవాబు చెప్పాను.

సాయిబు దగ్గర పాత ఇత్తడి దుర్భిణి ఉంటే అడిగి తెచ్చుకున్నాను. “పైలం బిడ్డా, అద్దం పగిల్తే మళ్ల దొరకదు” అన్నాడు.

ఆషాఢం వచ్చినా మా కొనకనమిట్ల వైపు వాన లేదు. ఆకాశం తేటగా ఉంది. చీకటి పడ్డాక అందరూ వాకిట్లో మంచాల మీద కూర్చున్నారు. దుర్భిణి పెదమామగారి చేతిలో పెట్టాను.

“మామా, నా బిడ్డను పట్టుకున్న మూల ఎక్కడుందో ఒకసారి చూపించండి.”

ఆయన గొంతు సవరించుకుని ఉత్తరానికి తిప్పారు. “అదిగో, ఆ మినుకుమినుకుమనేదే.”

గొర్రెలు తోలుకొచ్చిన ముసలి కాపరి పకపకా నవ్వాడు. “అట్ల జూపిస్తివేంది పెద్దయ్యా! మూల దక్షిణాన గదా, తేలు తోక కాడ. మా గొర్రెల్నడిగినా చెప్తాయి.”

మంచాలన్నీ నవ్వాయి.

“ఈ అద్దంలో అంతా మసగ్గా ఉందిలేమ్మా” అన్నారు పెదమామగారు.

“పంచాంగంలో బాగా కనపడిందా మామా?” అన్నాను. నాకు కడుపు నిండింది.

మా ఆయన లేచి వచ్చి చేతులు చాచారు. “బిడ్డనిట్లియ్యి.”

పాప చీకట్లో నా భుజానికి ముఖం ఆన్చి నిద్రపోతోంది. ముఖం మీదికి కొంగు లాగాను.

“ఇంకో ఇరవై ఏడు రోజులు ఆగండి. ఈసారి ముహూర్తం నాది.”

మా ఆయన ప్రతి పొద్దునా గడప బయట నిలబడేవారు. నేను ఒక్క రోజు కూడా తగ్గించలేదు.