సీటు కింద స్విచ్

దెయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ చిరాకు. నేను బళ్లో లెక్కలు చెబుతాను. కారణం లేకుండా ఏదీ జరగదని ఇరవై ఏళ్లుగా పిల్లలకు చెబుతున్నది నేనే. కాబట్టి ఇది రాయడం నాకే ఇష్టం లేదు.

మాది నగరి. నాయన మరమగ్గాలు నడిపేవాడు. ఆయనకొక పాత తెల్ల కారు ఉండేది. పక్షవాతం వచ్చి మాట పడిపోయాక ఆయన్ను ఆ కార్లోనే ఆస్పత్రికి తిప్పేదాన్ని.

అప్పుడే మా వీధిలో రెండు పాత కార్లు పోయాయి. పాత బండ్లకు అలారం ఉండదు, ఏదో ఒక తాళంచెవి పెట్టి తిప్పితే తెరుచుకుంటాయి. మెకానిక్ ఖాదర్‌ను పిలిపించాను. డ్రైవర్ సీటు కింద, ఎడమ పక్క, కంటికి కనబడని చోట చిన్న స్విచ్ బిగించాడు. అది ఆపేస్తే తాళంచెవి ఉన్నా బండి స్టార్టు కాదు.

"ఎవురికీ సెప్పొద్దుమా, సొంతోళ్లకి కూడా," అన్నాడు ఖాదర్. పక్క సీట్లో కూర్చున్న నాయన విని తల ఊపాడు. ఆ సంగతి తెలిసింది మా ముగ్గురికే.

అన్న శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. నాయన మంచాన పడ్డ ఎనిమిది నెలల్లో రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ గంట తిరక్కుండానే వెళ్లిపోయాడు. ఒళ్లు తుడిచిందీ, పక్కబట్టలు మార్చిందీ నేను. రోజూ పొద్దున ఆయన పక్కన కూర్చుని, "నాయనా, సుజాతా అను. ఒక్కసారి అను," అని అడిగేదాన్ని. పెదాలు కదిలేవి, మాట వచ్చేది కాదు. అలాగే పోయాడు.

సంవత్సరీకానికి వచ్చిన అన్న కారు తనకిమ్మన్నాడు. ఇవ్వనన్నాను.

"ఆడదానివి, నీకెందుకు కారు? నాయన వస్తువు కొడుక్కి రావల్ల," అన్నాడు.

తర్వాతి శనివారం, ఒంటిపూట బడి. మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి వాకిట్లో కారు లేదు. పొద్దున నేనే స్విచ్ ఆపి, తలుపులకు తాళం వేసి, బస్సులో బడికి వెళ్లాను. ఆపానని ఎలా చెప్పగలనంటే, వంగినప్పుడు కుచ్చిళ్లకు గ్రీజు అంటింది. స్టాఫ్‌రూములో సబ్బు పెట్టి కడుక్కున్నాను.

పోలీస్ స్టేషనుకు బయల్దేరుతుంటే అన్న ఫోన్ చేశాడు. "సుజాతా, కారు నేనే ఎత్తకొచ్చినాను. అలిపిరి కాడ ఉండా. నువ్వు రా."

నేను వెళ్లేసరికి ఇంకా ఎండ ఉంది. పార్కింగులో, కారు పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. రెండో తాళంచెవి ఎప్పటినుంచో తన దగ్గరే ఉందట. తిరుపతిలో ఎవరికో అమ్మేందుకు మాట్లాడుకున్నాడట.

"స్విచ్ సంగతి నీకెవురు సెప్పినారు?" అని అడిగాను.

"నాయన," అన్నాడు. "ఎన్నిసార్లు తిప్పినా స్టార్టు కాలా. దిగిపోదామని తలుపు తీసినా. పక్క సీట్లోనించి, 'కిందికి సెయ్యి పెట్టు అబ్బోడా, ఎడమ పక్క ఉండాది,' అన్నాడు. మంచిగా ఉన్నప్పుడు ఎట్ల మాట్లాడేవాడో అట్లనే. ఈడిదాకా వచ్చినా. ఇంక సేతులు ఆడలా."

మా అన్న అబద్ధాలు నాకు కొత్త కాదు. మర్నాడు ఖాదర్‌ను నిలదీశాను. "మీ అన్న మొగమే నేను సూళ్లేదుమా," అన్నాడు. వెతికి కనుక్కొని ఉండొచ్చు కదా అన్నాను. "ఉండాదని తెలిస్తేనే సెయ్యి ఆడికి పోతాది," అన్నాడు.

ఆ తర్వాత ఒకరోజు మిట్టమధ్యాహ్నం అద్దాలన్నీ పైకెత్తి కార్లో గంటసేపు కూర్చున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, "నాయనా," అని పిలిచాను కూడా. చెమటకు ఒళ్లంతా తడిసింది. ఏమీ వినబడలేదు.

కారు అన్నకే ఇచ్చేశాను. అతను చెప్పింది అబద్ధమైతే, స్విచ్ ఎలా దొరికిందో ఈరోజుకీ నాకు తెలీదు. నిజమే అయితే, ఎనిమిది నెలలు నేను బతిమాలినా రాని మాట, దొంగతనానికి వచ్చినవాడి కోసం ఎలా వచ్చిందో అసలే తెలీదు.