పెద్దమ్మ ఏరిపెట్టిన రేడియో

మా పక్కింటి పెద్దమ్మ పోయింది. ఆ కబురు వచ్చినప్పుడు నేను ఏడాది కారానికి మిరపకాయల ముచ్చికలు తీస్తున్నాను. జ్వరమని నరసరావుపేట ఆసుపత్రికి తీసుకెళ్లారు. రేపో మాపో వచ్చేస్తుందనే అందరం అనుకున్నాం. ఫోన్‌లో పెద్దమ్మ కోడలి పేరు కనబడేసరికి చేతులు కడుక్కోవాలన్న ధ్యాస కూడా లేక, అట్లాగే తీసి చెంపకు పెట్టుకున్నాను. "అత్తయ్య పోయింది వదినా" అంది. చెంప సాయంత్రం దాకా మండుతూనే ఉంది. కాయల చేత్తో ఫోను ముట్టుకోమాకండే అని మా వీధి ఆడవాళ్లందరినీ కసిరింది ఆ పెద్దమ్మే.

ఆమె గురించి రాయడానికి కూర్చున్నాను గానీ ఇప్పటికి రెండుసార్లు లేచాను. ఆమె గొప్ప పనులేమీ చెయ్యలేదు. సర్కారు రేడియో కార్యక్రమాలు ఇప్పుడు ఫోన్‌లో పాడ్‌కాస్టులుగా దొరుకుతున్నాయి కదా, నాటకాలూ, డాక్టర్ల మాటలూ, ఎవరెవరివో జ్ఞాపకాలూ. ఆ కుప్పలోంచి వినదగ్గవి ఏరి మాకు పెట్టేది, అంతే. ఆ కాస్తా లేకపోయేసరికి నాకు ఇంట్లో కాలు నిలవడం లేదు.

మా మామగారు మంచాన పడ్డాక నేను స్కూల్లో ఉద్యోగం మానేశాను. పొద్దున లేస్తే ఆ నాలుగు గోడలే. నా కోపమంతా అంట్ల మీద చూపించేదాన్ని. ఒకరోజు పెద్దమ్మ పిట్టగోడ మీంచి తొంగిచూసింది.

"ఏమే, ఆ గిన్నెలేం పాపం చేసినయ్యే?"

తన ఫోను గోడ మీద పెట్టి, "ఇది ఇనుకుంటా తోము. అంట్లకి సరిగ్గా సరిపోయిద్ది" అని లోపలికి వెళ్లిపోయింది. ఎవరో ముసలాయన తన చిన్ననాటి చేపల సంత గురించి చెబుతున్నాడు. ఆ సంతలో పడి అంట్లు ఎప్పుడయ్యాయో చూసుకోలేదు. ఆ పూట ఇంట్లో ఎవరి మీదా అరవలేదు కూడా.

ఈ కార్యక్రమాలు వచ్చే యాప్ ఆమెకు కోడలే వేసిచ్చింది. పెద్దమ్మకు అందులో బాగా నచ్చిన సంగతి ఒకటుంది. "మనం పన్లోకి దిగితే మొదలయిద్ది, ఆగమంటే ఆగిద్ది. ఇంట్లో ఎవురున్నారే అట్టా మన మాట ఇనేవాళ్లు?" అని మురిసిపోయేది.

ఏదైనా ముందు తాను వినకుండా మాకు పెట్టేది కాదు. కూరలో ఉప్పు చూసినట్టు, పొద్దున్నే వాకిలి ఊడుస్తూ ఒక్కతే విని చూసేది. తర్వాత తీర్పు. ఇది బట్టలు మడతపెట్టేటప్పుడు, ఇది పప్పులో రాళ్లు ఏరేటప్పుడు. నాటకాలు మాత్రం మిరపకాయలకి. మా వీధిలో కారం కాయలకు ఒకరింటికి మరొకరం సాయం వెళతాం. అరుగు మీద కాయల చుట్టూ అందరం కూర్చుంటే, మధ్యలో స్టీలు గిన్నెలో ఫోను నిలబెట్టేది. గిన్నెలో పెడితే శబ్దం పెద్దగా వస్తుంది. చెయ్యి ఆడాలి, నోరు ఆగాలి, అదీ ఆమె పరీక్ష. ఎవరైనా మధ్యలో మాటలు పెట్టుకున్నారో, ఆ కార్యక్రమం పనికిరాదన్నట్టు తీసేసేది. ఒకసారి ఒక పెద్దాయన ఉపన్యాసాన్ని సగంలో ఆపేసింది. "ఈయన కూర్చున్నోళ్లకి చెప్తన్నాడు. మనం కూర్చునేది ఎప్పుడు?" అంది.

నాకేమో నిదానం లేదు. నిమిషం వినీ వినకముందే ఇంకోదానికి పోయేదాన్ని. పెద్దమ్మ ఫోను లాక్కునేది. "ఆగవే. మాట్టాడేవాడికి కూడా కాస్త టైం ఇయ్యాల. చానామంది మంచి మాట చివర్లో చెప్తారు." నన్ను అంత ఓపిగ్గా ఒకచోట నిలబెట్టినవాళ్లు ఇంకెవరూ లేరు. నేను పిచ్చిదాన్ని కాకుండా ఉన్నానంటే ఆమె చలవే. ఈ మాట ఆమెతో అంటే "చాల్లేవే" అని కొట్టిపారేసేది.

పెద్దకర్మ అయ్యాక మా ఇంటి కాయలకు ఆడవాళ్లు వచ్చారు. "ఏందే, పెద్దమ్మ లేకపోతే ఇనేది లేదా?" అన్నారు. నేను ముందుగా ఏదీ విని ఉంచలేదు. చేతికి దొరికింది పెట్టాను. అందులో వచ్చిన అతిథిని పొగడడంతోనే సరిపోయింది ఆ రేడియో వాళ్లకి. ఇక్కడ ఒకరు సర్పంచి సంగతి ఎత్తారు, ఇంకొకరు తన ఫోన్‌లో వీడియోలు పెట్టారు. అరుగంతా గోల. ఇంక ఈ కూర్చోవడం ఉండదనిపించి లోపలికి వెళ్లిపోయాను. వంటింట్లో నిలబడితే భయమేసింది. మళ్లీ ఆ గిన్నెలు, నేను, నా కోపం, అంతేనా?

మర్నాడు పొద్దున్నే ఫోను రొంటిన దోపుకుని చీపురు అందుకున్నాను. రిటైరైన బస్సు కండక్టరు ఒకాయన తన దాచేపల్లి రూటు గురించి చెబుతున్నాడు. మొదట్లో అన్నీ తడబాట్లే. మార్చేద్దామని చెయ్యి పోయింది గానీ, కానిమ్మని ఊరుకున్నాను. మెల్లగా గొంతు సర్దుకుంది. ఏ స్టేజీలో ఎవరెక్కేవాళ్లో, ఎవరు ఉన్నట్టుండి ఎక్కడం మానేశారో ఒక్కొక్కరినే చెప్పుకొస్తున్నాడు. నేను తలెత్తేసరికి మా వాకిలి దాటి పెద్దమ్మ వాళ్ల మెట్ల ముందు ఊడుస్తున్నాను.

తలుపు తెరుచుకుంది. పెద్దమ్మ కోడలు. కర్మ అయిన దగ్గర్నుంచి ఆ పిల్ల గడప దాటలేదు. నేను గబగబా ఫోను ఆపబోయాను.

"ఆపమాక వదినా" అంటూ పై మెట్టు మీద కూర్చుంది. "రోజూ ఈ టైముకి మంచం మీదికి ఇట్టాగే ఇనపడేది. అయిందాకా ఉండు."

ఊడవడానికి అక్కడ ఒక్క ఆకు కూడా మిగల్లేదు. కండక్టరు బస్సేమో ఇంకా దాచేపల్లి చేరలేదు. నేను ఊడ్చిన చోటే మళ్లీ ఊడుస్తూ ఉండిపోయాను.